కుంటుపడిన విమానాన్ని బల్ల మీద ఎంతసేపు ఉంచాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీరు నలుగురు మిత్రులు కలిసి 1940లో బ్రిటిష్, జర్మన్ వైమానిక దళాల మధ్య జరిగిన బ్రిటన్ యుద్ధాన్ని ఆధారం చేసుకుని, షట్కోణపు గడుల పటం మీద, ఒక్కో పక్షానికి ఆరేసి విమానాలతో, సొంతంగా రాసుకున్న నియమాలతో వైమానిక పోరు ఆడుతున్నారు. వంతు పది సెకన్లకు, గడి 200 మీటర్లకు, ఎత్తులో ఒక మెట్టు 300 మీటర్లకు సమానమని పెట్టుకున్నారు. ఇంజిన్ పోయిన విమానాన్నీ పైలట్ గాయపడిన విమానాన్నీ వెంటనే తీసేస్తే ఆట చప్పబడుతోందని మీలో ఇద్దరు అంటున్నారు. ఉంచితే పోరుకు పనికిరాని బొమ్మలను కదపడానికే సగం సమయం పోతోందని మిగిలిన ఇద్దరు అంటున్నారు. ఏది సరైనదో తేల్చమన్నారు.

ఉంచాలన్నదే నా అభిప్రాయం. అయితే ఆ విమానం విషయంలో ఎవరో ఒకరు ఒక నిర్ణయం తీసుకోవలసి ఉన్నంతసేపే ఉంచాలి. ఆ నిర్ణయం తీరిపోయిన మరుక్షణం, అది ఇంకా గాలిలో ఉన్నా సరే, బల్ల మీద నుంచి తీసేయాలి. చదరంగంలో చంపిన పావును పక్కన పెట్టేస్తాం, ఇక ఆటకు దానితో పని ఉండదు. విమానాల పోరులో మాత్రం దెబ్బ తగిలిన క్షణం నుంచే ముగ్గురికి కొత్త సమస్య మొదలవుతుంది. అందులో ఉన్న పైలట్ ఇంటిదారి పట్టాలా, దూకాలా, ఇంకొక్కసారి కాల్చి చూడాలా అన్నది తేల్చుకోవాలి. అతని జతగాడు పోరు వదిలి అతనికి కాపలాగా వెళ్ళాలో లేదో నిర్ణయించుకోవాలి. కొట్టినవాడు పని పూర్తి చేయడానికి వెంటపడాలా, ఇంకో లక్ష్యం చూసుకోవాలా అన్నది చూసుకోవాలి. ఈ మూడు నిర్ణయాలకూ చోటు లేని ఆటలో కుంటుపడిన విమానం నిజంగానే అడ్డు. అటువంటి ఆట నుంచి దాన్ని తీసేయమన్న మిత్రులను నేను తప్పుపట్టను. మీ నియమాల్లో లోపం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. మీరు విమానాన్ని ఉంచారు గాని, దాన్ని ఉంచినందువల్ల ఎవరికీ ఏమీ దక్కేటట్టు గాని పోయేటట్టు గాని రాసుకోలేదు.

ముందు కాలమానం సంగతి చూడాలి, ఎందుకంటే సొంత నియమాలు రాసుకునేవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. మీ ఆట పదిహేను వంతులు సాగితే అది నిజ జీవితంలో రెండున్నర నిమిషాలు. బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్, జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109లోని డైమ్లర్-బెంజ్ 601 రెండూ ద్రవంతో చల్లబడే ఇంజిన్లు. 109కి రెండు రెక్కల కిందా రేడియేటర్లు ఉంటాయి. తొలి స్పిట్‌ఫైర్‌కు కుడి రెక్క కింద రేడియేటరు, ఎడమ రెక్క కింద నూనె చల్లబరిచే భాగం ఉంటాయి. వీటిలో ఒక్క తూటా దిగినా శీతలద్రవం కారిపోతుంది, కాని ఇంజిన్ ఆ క్షణంలోనే ఆగదు. జాగ్రత్తగా నడిపితే కొన్ని నిమిషాలు పనిచేసి, వేడెక్కి, ఆ తరువాత బిగుసుకుపోతుంది. అంటే మీ పదిహేను వంతుల ఆటలో రేడియేటరు దెబ్బ విమానాన్ని చాలాసార్లు ఆట లోపల చంపనే చంపదు, ఆట ముగిశాక చంపుతుంది. మీరు "రేడియేటరు దెబ్బ, మూడు వంతుల్లో ఇంజిన్ ఆగిపోతుంది" అని రాసుకున్నారు. అది అరనిమిషం మాత్రమే, మరీ కఠినం.

దాని బదులు ఇలా చేయండి. రేడియేటరు దెబ్బతిన్న విమానం పూర్తి శక్తితో ఎగిరిన ప్రతి వంతులోనూ ఒక పాచిక వేయాలి. 1 పడితే ఇంజిన్ ఆగిపోయినట్టు. శక్తి తగ్గించుకుని, గడులు తక్కువ కదులుతూ, ఎత్తు ఎక్కకుండా ఎగిరితే ఆ వంతులో పాచిక అవసరం లేదు. ఈ ఒక్క వాక్యంతో ఆ పైలట్‌కు ప్రతి వంతులోనూ ఒక నిజమైన ప్రశ్న ఎదురవుతుంది. తోకమీద శత్రువు ఉన్నప్పుడు ఇంజిన్‌ను కాపాడుకోవాలా, ప్రాణాన్ని కాపాడుకోవాలా అన్నదే ఆ ప్రశ్న. అమెరికన్ పి-47 వంటి గాలితో చల్లబడే ఇంజిన్లున్న విమానాలను ఎప్పుడైనా ఆటలోకి తెచ్చుకుంటే వాటికి ఈ రేడియేటరు దెబ్బే ఉండదు, సిలిండర్లు ఒకటి రెండు పోయినా ఆ ఇంజిన్లు నడిచేవి. విమానాల మధ్య తేడా వేగాల పట్టికలో కన్నా ఇక్కడే బాగా తెలుస్తుంది.

ఇక ఇంజిన్ పూర్తిగా ఆగిన విమానం. మీ నియమం ప్రకారం అది ప్రతి వంతులోనూ ఒక మెట్టు దిగుతుంది. లెక్క వేసి చూడండి. పది సెకన్లకు 300 మీటర్లంటే సెకనుకు 30 మీటర్లు, అది జారడం కాదు, ముక్కు దించి కిందికి దూసుకుపోవడం. ఆనాటి ఒంటి ఇంజిన్ ఫైటర్ ఇంజిన్ ఆగాక జారుతూ పోతే ఒక మీటరు ఎత్తుకు సుమారు పది మీటర్ల దూరం పోతుందని ఆట కోసం అనుకోవచ్చు. గంటకు 220 కి.మీ. చుట్టుపక్కల వేగంతో జారితే వంతుకు మూడు గడులు కదులుతుంది. ఐదు వంతుల్లో పదిహేను గడులు, అంటే మూడు కి.మీ. పోయి, ఒక్క మెట్టు దిగుతుంది. కాబట్టి తిన్నగా జారుతున్నంతసేపు ఐదు వంతులకు ఒక మెట్టు చాలు. మలుపు తిరిగితే సంగతి వేరు. 60 డిగ్రీల వాలుతో తిరిగే విమానం రెక్కలు తన బరువుకు రెట్టింపు మోయాలి, ఎత్తు కోల్పోయే వేగం దాదాపు 2.8 రెట్లు అవుతుంది. అందువల్ల ఆగిన ఇంజిన్‌తో గట్టి మలుపులు తిరిగే విమానం రెండు వంతులకు ఒక మెట్టు దిగాలి. తప్పించుకోవడానికి చేసే ప్రతి మలుపూ ఇంటికి చేరే దూరంలో కోత పెడుతుందన్నమాట. ముక్కు కిందికి దించి వేగం తెచ్చుకోవడానికి మాత్రం అడ్డు పెట్టకండి. ఇంజిన్ లేని విమానానికి ఎత్తే ఇంధనం, దాన్ని ఎలా ఖర్చు పెట్టుకోవాలో పైలట్ ఇష్టం.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమో తెలియాలంటే పోరును ఒక నిజమైన చోట పెట్టి చూడాలి. మీకు పోర్ట్‌లాండ్ పోరును సూచిస్తాను. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోర్సెట్ ప్రాంతంలో ఉన్న ఆ నౌకాశ్రయం మీద 1940 వేసవిలో జర్మన్లు చాలాసార్లు దాడి చేశారు. ఆగస్టు 11న జరిగిన దాడి వాటిలో పెద్దది. దగ్గరలోనే ఉన్న వార్మ్‌వెల్ స్థావరానికి ఆ జూలైలోనే స్పిట్‌ఫైర్లతో వచ్చి చేరింది 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా దానికి మన హైదరాబాద్ పేరు పెట్టారు. హరికేన్ అనే ఫైటర్లతో పోరాడిన 253 స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ రాజ్యం పేరే ఉంది. మన ఊరి పేరున్న దళంతో ఆడుకునే అవకాశం ఉండగా ఆగ్నేయ ఇంగ్లండ్‌లోని కెంట్ ఆకాశాన్నే పట్టుకుని ఉండనక్కరలేదు.

పోర్ట్‌లాండ్ నుంచి వార్మ్‌వెల్‌కు సుమారు 16 కి.మీ. జర్మన్లు వచ్చిన, ఫ్రాన్సు తీరంలోని షెర్‌బూర్ వైపు చూస్తే, మధ్యలో సముద్రం దాదాపు 110 కి.మీ. పోర్ట్‌లాండ్ మీద 3,000 మీటర్ల ఎత్తులో రెండు పక్షాల విమానాలకూ ఒకే రకం దెబ్బ తగిలి ఇంజిన్ ఆగిందనుకోండి. రెండూ 30 కి.మీ. జారగలవు. స్పిట్‌ఫైర్ వార్మ్‌వెల్ చేరి, ఇంకా ఎత్తు మిగిలి ఉండగానే రన్‌వే వైపు తిరగగలదు. 109 సముద్రంలో పడుతుంది. అది 6,000 మీటర్ల ఎత్తులో ఉన్నా ఫలితం మారదు. రేడియేటరు దెబ్బకు కూడా ఇదే లెక్క: గంటకు 350 కి.మీ. చొప్పున స్పిట్‌ఫైర్‌కు ఇల్లు మూడు నిమిషాల లోపు, 109కి దాదాపు 19 నిమిషాలు. ఒకే దెబ్బ ఒకరికి మరమ్మతు, ఇంకొకరికి మరణం. కుంటుపడిన విమానాన్ని తక్షణం తీసేసే ఆటలో ఈ తేడా మాయమైపోతుంది. ఆ వేసవి పోరు స్వరూపాన్ని నిర్ణయించిన ముఖ్య కారణాల్లో ఈ దూరం ఒకటి కాబట్టి, నా దృష్టిలో అది చాలా పెద్ద నష్టం. అందుకే పటం అంచుల్లో ఒకటి "ఇల్లు" అని ప్రతి పక్షానికీ ముందే నిర్ణయించండి. కుంటుపడిన విమానం ఆ అంచు దాటితేనే తిరుగు ప్రయాణపు పాచిక వేయాలి. స్పిట్‌ఫైర్‌కు రేడియేటరు దెబ్బ ఉంటే 2 లేదా పైన, 109కి అదే దెబ్బ ఉంటే 5 లేదా పైన పడితే క్షేమం. ఇంజిన్ ఆగిన 109కి పాచికే అక్కర్లేదు, అది ఎలాగూ సముద్రంలోనే పడుతుంది.

మంటల గురించి క్లుప్తంగా చెబుతాను. మంటలంటుకున్న విమానాన్ని నిదానంగా కుంటుపడేదిగా చూడకండి. ఆ పైలట్‌కు ఉన్నది ఒకటి రెండు వంతులే. స్పిట్‌ఫైర్‌లో ప్రధాన ఇంధన ట్యాంకులు పైలట్ ముందు, 109లో ట్యాంకు అతని వెనుక, సీటు కింద ఉంటాయి. అందువల్ల స్పిట్‌ఫైర్ పైలట్‌కు ఆ మంట మొహం మీదికే వస్తుంది. మొదటి వంతులో దూకితే మామూలు పాచిక, రెండో వంతులో దూకితే గాయం ఖాయం, మూడో వంతు లేదు. దూకకుండా విమానంలోనే ఉండి కాల్చే హక్కును మాత్రం తీసేయకండి. 1940 ఆగస్టు 16న సౌతాంప్టన్ దగ్గర 249 స్క్వాడ్రన్ పైలట్ జేమ్స్ నికల్సన్ మండుతున్న హరికేన్‌లోనే ఉండి, ముందున్న మెస్సర్‌ష్మిట్ 110 మీద కాల్పులు జరిపిన తరువాతే దూకాడు. బ్రిటిష్ ఫైటర్ విభాగమైన ఫైటర్ కమాండ్‌కు ఆ యుద్ధమంతటిలో దక్కిన ఏకైక విక్టోరియా క్రాస్, అంటే బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం, అదే. అటువంటి సాహసానికి ఆటలో చోటు ఉండాలి, దాని మూల్యమూ ఉండాలి.

నియంత్రణ తీగలు తెగిన విమానానికి గట్టి మలుపులు, ఒక మెట్టుకు మించిన దిగుడు నిషేధిస్తే చాలు. గాయపడిన పైలట్ ప్రతి వంతుకూ పాచిక వేయాలి, 1 పడితే ఆ వంతు తిన్నగా పోవాలి. ఇంతకన్నా పట్టికలు వద్దు.

మీరు అడగకపోయినా చెప్పవలసిన ఒక పెద్ద విషయం ఉంది. ఎదుటి ఆటగాడికి మీ విమానం ఎంత దెబ్బతిన్నదో ఎందుకు తెలియాలి? మీ ఆటలో దెబ్బల పట్టిక బల్ల మీద అందరికీ కనిపించేలా ఉంది. దాంతో శత్రువుకు మీ ఇంజిన్ ఇంకా ఎన్ని వంతులు నడుస్తుందో మీకన్నా బాగా తెలుస్తోంది. ఆకాశంలో వెంటాడేవాడికి కనిపించేది పొగ ఒక్కటే. శీతలద్రవం కారితే తెల్లటి చార, నూనె గాని ఇంధనం గాని మండితే నల్లటి పొగ. దానిలోనూ మోసం ఉంది. 109 పైలట్లు తప్పించుకోవడానికి ముక్కు కిందికి తోసి, పూర్తి శక్తితో దూకినప్పుడు ఇంజిన్ నల్లటి పొగ కక్కేది. దాన్ని చూసి కూల్చేశామనుకున్న బ్రిటిష్ పైలట్లు ఎందరో ఉన్నారు. ఆ 109లు తిన్నగా ఇల్లు చేరాయి.

దీన్ని ఆటలోకి తేవడం తేలిక. దెబ్బ వివరాన్ని చిన్న కార్డు మీద రాసి బోర్లించి పెట్టుకోండి, ఎదుటివారికి పొగ రంగు మాత్రమే చెప్పండి. దెబ్బ కార్డులను బోర్లించి ఉంచుకునే పద్ధతి 2004లో వచ్చిన వింగ్స్ ఆఫ్ వార్ ఆటలో కూడా ఉంది, అక్కడ అది చక్కగా పనిచేసింది. రేడియేటరు దెబ్బకు తెల్ల దూది, నూనె దెబ్బకు, మంటకు నల్ల దూది బొమ్మ తోకకు తగిలించండి. మామూలు దూదిని నల్ల ఇంకులో ముంచి ఆరబెడితే సరిపోతుంది. దెబ్బ తగలకుండానే పూర్తి శక్తితో రెండు మెట్లు దూకే 109కి ఆ వంతు నల్ల దూది తగిలించుకునే హక్కు ఇవ్వండి. ఈ ఎత్తుగడను పోరు మధ్యలో అతనికి ఒక్కసారే అనుమతించండి. లేకపోతే అదే అలవాటవుతుంది, ఎవరూ నమ్మరు. ఈ ఒక్క మార్పుతో "పని పూర్తయిందా లేదా" అన్న అనుమానం ఆటలోకి వస్తుంది. వెంటాడాలా వద్దా అన్న నిర్ణయానికి అప్పుడే బరువు వస్తుంది.

ఆ నిర్ణయం పాయింట్లలో కూడా కనిపించాలి. కుంటుపరచగానే మొత్తం పాయింట్లు ఇచ్చేస్తే ఎవరూ వెంటాడరు. నేలకూలితేనే పాయింట్లు ఇస్తే అందరూ పొగ వెనకే పరుగెత్తుతారు, పైన జరిగే అసలు పోరు ఖాళీ అవుతుంది. బ్రిటిష్ వైమానిక దళం తన పైలట్ల విజయాలను కూల్చినవి, కూలి ఉండవచ్చు అనుకున్నవి, దెబ్బతిన్నవి అని మూడు తరగతులుగా నమోదు చేసేది. ఆ మూడు తరగతులే మీకు చాలు. దెబ్బ తీసి పొగ రప్పిస్తే 1 పాయింటు. ఆ విమానం పొగతో పటం అంచు దాటినా, ఇంజిన్ ఆగి పోరు వదిలి దిగిపోయినా 2. కూలడం గాని, పైలట్ దూకడం గాని మీ విమానాల్లో ఒకటి కళ్ళారా చూస్తే 3. మరోవైపు విమానం యజమానికి, విమానం ఇల్లు చేరితే 1, పైలట్ ప్రాణాలతో తన పక్షానికి దక్కితే 1 ఇవ్వండి. అప్పుడు వెంటాడి పడేసినందువల్ల వచ్చే తేడా ఒకటి నుంచి మూడు పాయింట్లు. దానికి ఖర్చు రెండు మూడు వంతులు, కొన్ని మెట్ల ఎత్తు. ఈ తూకం వల్ల కొన్నిసార్లు వెంటాడటం మంచిది, కొన్నిసార్లు కాదు.

కొట్టినవాడు చెప్పిన లెక్కకూ, కొట్టించుకున్నవాడి నిజమైన నష్టానికీ తేడా వస్తే దిద్దకండి, అలాగే ఉండనివ్వండి. 1971 నవంబరు 22న బోయ్రా దగ్గర మన నాట్ విమానాలు పాకిస్థానీ సేబర్లతో తలపడినప్పుడు మూడింటిని కూల్చినట్టు ప్రకటన వచ్చింది. ఇద్దరు పైలట్లు పారాచూట్లతో దిగి పట్టుబడ్డారు. మూడో సేబర్ మాత్రం దెబ్బతిని కూడా ఢాకా దగ్గరి తేజ్‌గావ్ స్థావరానికి చేరుకుందని పాకిస్థాన్ వైపు వివరాలు చెబుతాయి. మన పైలట్లు అబద్ధం చెప్పలేదు, వాళ్ళకు కనిపించింది అంతే. ఆటలో కూడా కనిపించినదానికే పాయింట్లు ఇవ్వాలి.

వెంటాడటంలోని అపాయాన్ని కూడా నియమంగా రాయాలి. కుంటుపడిన విమానం వెనుక రెండు గడుల లోపల ఉంటూ దానితోపాటు దిగుతున్న పైలట్ చూపంతా ముందున్న పొగ మీదే ఉంటుంది. ఆ వంతులో అతని వెనుక నుంచి వచ్చే శత్రువు అతనికి కనబడనట్టే లెక్కించండి, కాల్పుల పాచికకు అదనం ఇవ్వండి. ఆ కాలపు అనుభవజ్ఞులు కొత్తవారికి పదే పదే చెప్పిన హెచ్చరిక ఇదే. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన దక్షిణాఫ్రికా పైలట్ సెయిలర్ మలన్ తన దళాలకు రాసిచ్చిన పది సూత్రాలు కూడా వేగంగా వెళ్ళి, గట్టిగా కొట్టి, బయటపడమన్న మాటతోనే ముగుస్తాయి. పైగా కుంటుపడిన విమానం తప్పక కూలుతుందన్న భరోసా కూడా లేదు. 1943 జూన్ 26న అమెరికన్ పైలట్ రాబర్ట్ జాన్సన్ పి-47 తీవ్రంగా దెబ్బతిని, కాక్‌పిట్ పైకప్పు తెరుచుకోక, దూకే వీలు లేకుండా ఇంటిదారి పట్టింది. ఒక జర్మన్ ఫైటర్, ఫోకే-వుల్ఫ్ 190, వెనకే వచ్చి తూటాలు అయిపోయేవరకూ కాల్చినా అది పడలేదు, ఇంగ్లండ్ తీరంలోని మాన్‌స్టన్‌లో దిగింది. తూటాల లెక్క మీ ఆటలో లేకపోతే చేర్చండి. వెంటాడేవాడికి నిజమైన కొరత అదే.

జతగాడి విషయంలో ఒక్క నియమం సరిపోతుంది. కుంటుపడిన మిత్రుడికి మూడు గడుల లోపల ఉంటూ ఇంటి అంచు దాటిస్తే, తిరుగు ప్రయాణపు పాచికకు 1 కలపండి. దానివల్ల పోరు నుంచి రెండు విమానాలు తగ్గుతాయి. ఆ తగ్గుదలను భరించాలో లేదో ఆ పక్షమే ఆలోచించుకుంటుంది. కొట్టిన పక్షానికి కూడా అది లాభమే.

దూకిన పైలట్ ఎక్కడ దిగాడన్నది పాయింట్లలో రావాలి. డోర్సెట్ నేల మీద దిగిన బ్రిటిష్ పైలట్ గాయపడకపోతే ఆ సాయంత్రానికే మళ్ళీ ఎగరవచ్చు. అక్కడే దిగిన జర్మన్ పైలట్ యుద్ధఖైదీ. సముద్రంలో దిగితే ఇద్దరికీ కష్టమే. అయినా 1940లో జర్మన్ పైలట్ల దగ్గర గాలి నింపుకునే రబ్బరు పడవలు ఉండేవి, వాళ్ళను వెతకడానికి నీటిమీద దిగే హైంకెల్ 59 విమానాలు వచ్చేవి. బ్రిటిష్ ఫైటర్ పైలట్‌కు అప్పటికి ఒంటి మీది తేలే జాకెట్టే ఆధారం. అందుకని సముద్రంలో జర్మన్‌కు 4 లేదా పైన, బ్రిటిష్ పైలట్‌కు 5 లేదా పైన పెట్టండి. మొదటి మెట్టు కన్నా కిందనుంచి దూకితే ఎవరికైనా పాచికలో 2 తగ్గించండి, పారాచూట్ విచ్చుకోవడానికి ఎత్తు కావాలి.

బాంబర్లకు ఇవే నియమాలు పెట్టకండి, వాటి కుంటు వేరు. రెండు ఇంజిన్ల జర్మన్ బాంబరు హైంకెల్ 111కి ఒక ఇంజిన్ ఆగితే అది కూలదు, వెనకబడుతుంది. దండులో ఉన్నంతసేపు చుట్టూ ఉన్న విమానాల తుపాకులు దాన్ని కాపాడతాయి, వెనకబడ్డాక దాని తుపాకులే దానికి దిక్కు. వంతుకు ఒక గడి చొప్పున వెనక్కి జారనివ్వండి. బాంబులు సముద్రంలో పారేస్తే ఆ జారడం ఆగుతుందని పెట్టండి, అయితే దాడికి వచ్చే పాయింట్లు పోతాయి. ఇక్కడ ఒక విచిత్రం చూస్తారు. ఒంటరిగా మిగిలిన బాంబరు మీదికి ఫైటర్లు తేనెటీగల్లా ముసురుకుంటాయి, దాంతో దండు ఊపిరి పీల్చుకుంటుంది. జర్మన్ ఆటగాడికి అది నష్టంలోనూ లాభమే, బ్రిటిష్ ఆటగాడికి మనసును అదుపులో పెట్టుకునే పరీక్ష. వెనకబడిన బాంబర్లన్నీ బలయ్యాయనీ అనుకోవద్దు. 1943 డిసెంబరు 20న జర్మన్ నగరం బ్రెమెన్ మీద దాడి చేసి ఛిన్నాభిన్నమై ఒంటరిగా తిరిగివస్తున్న అమెరికన్ పైలట్ చార్లీ బ్రౌన్ బి-17 బాంబరును, 109 పైలట్ ఫ్రాంజ్ స్టిగ్లర్ కాల్చకుండా వదిలేసి సముద్రం వరకు తోడు వెళ్ళాడు. అటువంటి దయను పాచికతో పుట్టించలేం. ఆటగాడు తనంతట తాను చూపితే మాత్రం అడ్డుపడే నియమం పెట్టకండి.

అపూర్వమైన ఘటనలకు నియమాలు రాయాలన్న ఆశ కూడా వద్దు. 1967 మార్చి 10న వియత్నాం యుద్ధంలో బాబ్ పార్డో అనే అమెరికన్ పైలట్, ఇంధనం కారిపోతున్న మిత్రుడి ఫాంటమ్ విమానం తోక కొక్కేన్ని తన ముందు అద్దానికి ఆనించుకుని దాన్ని లావోస్ గగనతలం వరకు నెట్టుకెళ్ళాడు. నలుగురూ అక్కడ దూకి ప్రాణాలతో బయటపడ్డారు. ఎవరో ఒకరు "ఇది కూడా పెట్టుకుందాం" అంటారు. పెట్టుకుంటే ప్రతి ఆటలోనూ ఎవరో ఒకరు నెడుతూనే ఉంటారు, అపూర్వం కాస్తా మామూలైపోతుంది. మొదటి ప్రపంచయుద్ధపు ఆట ఆడదలచుకుంటే ఒక్క మార్పు గుర్తుంచుకోండి. 1918లో జర్మన్ పైలట్లకు పారాచూట్లు వచ్చేవరకు దూకే దారి లేదు కాబట్టి, జారి దిగడమే అందరికీ మిగిలిన దారి.

చివరిగా, సమయం వృథా అవుతోందన్న మిత్రుల ఆక్షేపణకు జవాబు. వంతు చివర ప్రతి కుంటుపడిన విమానం గురించి ఒకే ప్రశ్న వేయండి: దానికి ఆరు గడుల లోపల, రెండు మెట్ల తేడాలో శత్రువు ఎవరైనా ఉన్నారా? వరుసగా రెండు వంతులు లేరంటే దాన్ని ఇంటి అంచు దాటినట్టుగా తీసేసి, పక్కన పెట్టి, ఆట ముగిశాక పాచికలన్నీ ఒకేసారి వేయండి. ఉంటే మాత్రం అది బల్ల మీదే ఉండాలి. ఆ విమానాన్ని కదపడం కూడా తేలిక. మామూలు విమానాల కదలికలు రాసుకునే ముందే దాన్ని కదిపేయండి. దానికి ఉన్న దారులు కొన్నే కాబట్టి దాచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఈ పద్ధతిలో ఆరేసి విమానాల పోరులో ఒకేసారి రెండు మూడుకు మించి కుంటుపడినవి బల్ల మీద నిలవవు. ఆట ఇంకా నిదానంగా నడుస్తోందనిపిస్తే ఆరు గడులను నాలుగు చేయండి. బోర్లించిన కార్డులనూ పొగ రంగులనూ మాత్రం ముట్టుకోకండి.